దేవన్న గారి నాలుక, మేఘి ధ్రువపత్రం

2009వ సంవత్సరం జూలై ఒకటవ తేదీ, బుధవారం ఉదయం పదిన్నర గంటలకు, మంజీర గ్రామీణ ఆతిథ్య శిక్షణాలయం వారి ఎల్లారెడ్డి కేంద్రంలో పానీయ సేవా శిక్షకులుగా శ్రీ తాళ్ళపల్లి దేవన్న గౌడ్ గారు బాధ్యతలు స్వీకరించారు. 2014 మే ముప్పై ఒకటవ తేదీ, శనివారం సాయంత్రం ఐదు గంటలకు వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ వారు మన సంస్థకు చేసిన సేవను, మన సంస్థ వారికి చేసిన అన్యాయాన్ని ఈ అభినందన సంచికలో నమోదు చేసే బాధ్యత వంటశాల అధ్యాపకురాలినైన నా మీద పడింది. సేవ వరకే రాసి ఆపేయమని సంచిక బాధ్యతలు చూస్తున్న, సంచాలకులవారి గది తాళాలు కూడా చూసుకునే మన కార్యాలయ సహాయకుడు యాకూబు బతిమాలాడు. "సన్మానం పుస్తకమమ్మా ఇది, గిట్ల కోపంగ రాస్తే ఎట్లనమ్మా?" అన్నాడు. "కోపం వస్తే కోపంగ రాయక నవ్వుకుంట రాయాల్నా? రాసింది రాసినట్టు అచ్చెయ్యి" అన్నాను. తల గోక్కుని, రాయడం పూర్తయితే కాగితాలు అచ్చు దుకాణానికి తానే తీసుకుపోతానన్నాడు.

తాడ్వాయి మండలంలోని ఒక చిన్న పల్లెలో, కల్లుగీత వృత్తిగా గల కుటుంబంలో 1956లో జన్మించిన దేవన్న గారు, తండ్రి గారు తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన ఏడాది, పదిహేడేళ్ళ ప్రాయంలో, చెట్టెక్కే మోకును గోడకు తగిలించి హైదరాబాదు బస్సెక్కారు. ఒక పెద్ద హోటల్లో గ్లాసులు కడిగే పనిలో చేరి, ముప్పై ఐదేళ్ళ పరిశ్రమతో, అదే హోటల్లో ఏ భోజనానికి ఏ వైన్ నప్పుతుందో అతిథులకు చెప్పే పెద్ద స్థానాన్ని అధిష్ఠించారు. కుండ మూత తీయకముందే ఏ చెట్టు కల్లో చెప్పగల ముక్కు వారికి పుట్టుకతో వచ్చింది. ఆ ముక్కుకు పని చెప్పినవారు ఆ హోటల్లో బస చేసిన ఒక జర్మనీ ఇంజనీరు గారు. రైన్ నది ఒడ్డున పండే తెల్లద్రాక్ష ఒకటి ఉందనీ, దాని పేరు రీస్లింగ్ అనీ, దానితో చేసిన వైన్‌కూ అదే పేరనీ చెప్పి, ఒక గ్లాసు చేతిలో పెట్టారట. మొదటి గుక్కకే తనకు తెల్లవారుజామున దింపిన ఈతకల్లు యాదికొచ్చిందని దేవన్న గారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

అంతటి హోటల్ వదిలి ఎల్లారెడ్డికి ఎందుకు వచ్చారని చేరిన రోజునే అడిగాను. అడిగిన తీరు మర్యాదగా లేదు. వారు మాత్రం మర్యాదగానే చెప్పారు. "గ్లాసులు కడుగుకుంట పదేండ్లు పోగొట్టుకున్న చెల్లె. చెప్పెటోడుంటే ఒక్క ఏడు సాలు. మన పోరగాండ్లు పదేండ్లు పోగొట్టుకోవద్దు" అన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది రాజంపేట దిక్కు వ్యవసాయ కుటుంబం. మా అత్తగారి ముందు సారా మాటెత్తితే చెవులు మూసుకునేవారు. అలాంటి ఇంటినుంచి వచ్చిన నాకు, చట్టం చెప్పిన ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారే అయినా సరే, ఆడపిల్లలు వరుసగా నిలబడి వైన్ వాసన చూడడం, పుక్కిలించడం, పక్కనున్న బకెట్‌లో ఉమ్మేయడం చూస్తే ఒళ్ళు మండేది. మూడు వారాలు వారితో మాట్లాడలేదు. నాలుగో వారం వారే వంటశాల గడప దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి నిలబడ్డారు.

"చెల్లె, నీ వంట లేకుంటె నా పాఠం సగమే. మన తిండిల పులుపుంటది, కారముంటది. గీ కారానికి ఎర్ర వైన్ పోస్తే నోరంత మంట, పైకెల్లి చేదు. రీస్లింగ్‌ల పులుపూ ఉన్నది, జరంత తీపీ ఉన్నది. కారం వచ్చి నాలుకను కొడితే తీపి వచ్చి చెయ్యి అడ్డం పెడ్తది. నువ్వు ఒక్క చుక్క ముట్టకు. వండిపెట్టు సాలు."

అలా మొదలైంది. నేను సర్వపిండి కాల్చేదాన్ని, పచ్చిపులుసు కలిపేదాన్ని, నిజాంసాగర్ చేపలు వేయించేదాన్ని. వారు ఒక ముక్క నోట్లో వేసుకుని, ఒక గుక్క పట్టి, కళ్ళు మూసుకుని, "ఇంక రెండు పచ్చిమిరపకాయలు పడ్తయి" అనేవారు. నేను జీవితంలో ఒక్క చుక్క వైన్ ముట్టలేదు. కానీ ఏ రీస్లింగ్ ముందు ఏ కూర నిలబడుతుందో మేమిద్దరం కలిసి పనిచేసిన నాలుగేళ్ళలో వారి మొహం చూసి నేర్చుకున్నాను.

ఇక మన సంస్థ వారి పాండిత్యాన్ని ఎలా గౌరవించిందో వినండి. 2010 డిసెంబరులో హైదరాబాదు హోటళ్ళవారు శిక్షణ కోసం పంపిన సీసాల్లో పన్నెండేళ్ళ నాటి రీస్లింగ్ ఒకటి వచ్చింది. బాగా ముదిరిన రీస్లింగ్‌కు గాసునూనె, అదే కిరసనాయిలు, వాసన వస్తుంది. అది దాని లోపం కాదు, పెద్దరికం. కామారెడ్డి ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీకి వేంచేసిన మాన్యశ్రీ సంచాలకులు నరేందర్ గారు మూత తీయించి, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, "గాసునూనె కలిపిన్రు, కల్తీ సరుకు, పారబొయ్యండ్రి" అని సెలవిచ్చారు.

"సార్, ముసలిదైతే గట్లనే వాసనొస్తది. గదే దాని గొప్ప" అన్నారు దేవన్న గారు.

"నాకు నేర్పుతున్నవా?"

నేర్పుదామనే ఆయన ప్రయత్నం. నేర్చుకునేవారుండొద్దూ! సీసాను వంటశాల వెనకాల మోరీలో వంపించారు సంచాలకులవారు. వారి కారు కామారెడ్డి దారి పట్టగానే దేవన్న గారు ముప్పై మంది విద్యార్థులను ఆ మోరీ దగ్గరికి తీసుకుపోయి, "రాండ్రి బిడ్డా, మల్ల దొరకది, వంగి వాసన చూడుండ్రి" అన్నారు. తడిసిన సిమెంటు మీద ముప్పై ముక్కులు వంగాయి. ఆ పాఠం కూడా జరిగింది. కల్తీని అడ్డుకోలేదంటూ వారికి తాఖీదు కూడా వచ్చింది. ఆ తాఖీదు గురించి ఇప్పుడు తలుచుకున్నా నా చేతిలో అట్లకాడ ఉంటే బాగుండుననిపిస్తుంది.

2011 ఆగస్టులో జరిగిన ఒక సంగతి చెప్పకుండా వారి మనసు మీకు తెలియదు. మా అమ్మ రామవ్వ కామారెడ్డిలో ఒంటరిగా ఉండేది. ఆమెకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేర్చారని పొద్దున్నే కబురొచ్చింది. వసతిగృహంలో నలభై మందికి వంట చేయాలి, సెలవడిగితే ఇచ్చే దిక్కు లేదు. ఎవరికీ చెప్పకుండా పొయ్యి ముట్టించాను. పదకొండు గంటలకు దేవన్న గారు అలవాటు ప్రకారం వచ్చి పచ్చిపులుసు ఒక చెంచా నోట్లో పోసుకుని, చెంచా కింద పెట్టేశారు.

"చెల్లె, రెండుసార్లు చింతపండు పోసినవ్. ఉప్పు వెయ్యనే లేదు. మనసు యాడ పెట్టినవ్?"

నేను ఏడ్చేశాను. వారు నా చేతిలోని గంటె తీసుకుని, "బస్సు పన్నెండు గంటలకున్నది, నడువ్" అన్నారు. తొమ్మిది రోజులు నలభై మందికి వారే వండిపెట్టారు. హాజరు పుస్తకంలో నేను ఉన్నట్టే ఉంది. పిల్లలు చెప్పారు, సార్ వండిన పప్పు నా పప్పు కంటే బాగుందట. అదొక్కటే ఆ తొమ్మిది రోజుల్లో నాకు కలిగిన నష్టం. ఈ సంగతిని చదువరులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను మరిచిపోయాను.

2012 జూన్‌లో మేఘి వచ్చింది. ఎల్లారెడ్డికి ఆరు కిలోమీటర్ల అవతలి తండాకు చెందిన లింబ్యా కూతురు, వయసు ఇరవై రెండు, పదో తరగతి. ఏటా కుటుంబమంతా చెరుకు కొట్టే పనికి వలసపోయే ఇల్లు. ఆ పిల్ల మొదటి వారంలోనే, పేరు చెప్పకుండా పెట్టిన ఐదు గ్లాసుల్లో రీస్లింగ్‌లు ఏవో, వాటిలో కొత్తదేదో పాతదేదో చెప్పింది. దేవన్న గారు ఆనాడు వంటశాలకు వచ్చి గోడకానుకుని కూర్చున్నారు. "నా ముక్కు కన్న ఈ పిల్ల ముక్కు పెద్దది చెల్లె. నలభై ఏండ్లల నేను ఇసొంటి ముక్కును చూడలే" అన్నారు. కుళ్ళు లేకుండా ఆ మాట అనగలిగిన గురువును నేనూ చూడలేదు. హైదరాబాదులోని ఒక హోటల్ వారు వచ్చి మేఘిని చూసి, ధ్రువపత్రం తెచ్చిన రోజే ఉద్యోగంలో చేరవచ్చని రాసిచ్చి వెళ్ళారు. ధ్రువపత్రం మీద రెండు సంతకాలు కావాలి. ఒకటి శిక్షకులది, రెండవది సంచాలకులది.

2013 మార్చి ఇరవై మూడవ తేదీన చివరి పరీక్ష. హైదరాబాదు నుంచి పరీక్షకులు వచ్చారు, సంచాలకులవారు పక్కన కుర్చీ వేయించుకున్నారు. మేఘి ముందు పేరు తెలియని మూడు రీస్లింగ్ గ్లాసులు, నేను వండిన మూడు వంటకాలు పెట్టారు. చేప వేపుడు, సర్వపిండి, బెల్లం పరమాన్నం. ఏ గ్లాసుకు ఏ వంటకమో చెప్పాలి. మేఘి ప్రతి గ్లాసులోనూ వేలు ముంచి, రెండు చుక్కలు నేల మీద చిలకరించి, తర్వాతే నోట్లో పోసుకుంది. దీన్ని మన దిక్కున సాక పోయడం అంటారు. ఏ శుభకార్యానికైనా, ఏ పెద్దపనికైనా మొదటి చుక్కలు దేవతకు ఇవ్వడం ఆచారం.

మొదటి గ్లాసు రుచి చూసి, "దీంట్ల తీపి లేదు సార్, నిమ్మకాయ పిండినట్టున్నది. చాపకు నిమ్మకాయ పిండుకుంటం గద, ఇది చాపకు" అంది. రెండో గ్లాసు చూసి, "దీంట్ల జరంత తీపున్నది. సర్వపిండి కారానికి గిదే మందు" అంది. మూడో గ్లాసు దగ్గర ఆగింది. పరమాన్నం ఒక వేలితో నాకింది, మళ్ళీ గ్లాసు చూసింది, తల అడ్డంగా ఊపింది.

"ఈ గ్లాసుకు ఇది పనికిరాదు సార్. పరమాన్నం తీపి ముందల ఈ తీపి నిలువదు, పుల్లనీళ్ళయితది. దీనికి ఉప్పుది గావాలె." నా వైపు తిరిగింది. "అమ్మా, మీ డబ్బల సకినాలున్నయి గద. రెండు తెండ్రి."

తెచ్చిపెట్టాను. పరీక్షకులు సకినం కొరికి, మూడో గ్లాసులోంచి ఒక గుక్క తాగి, రెండో సకినం కూడా అందుకున్నారు. తర్వాత నిలబడి, "ఇరవై ఏళ్ళుగా పరీక్షలు చేస్తున్నాను. నేను పెట్టిన ప్రశ్నే తప్పని చెప్పి, సరైన జవాబు వంటింట్లోంచి తెప్పించిన అభ్యర్థి ఈమే మొదలు" అన్నారు. నూటికి నూరు వేసి, మార్కుల పట్టీ మీద సంతకం చేసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు. దేవన్న గారు కిటికీ వైపు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పరీక్షకుల బస్సు కదలగానే సంచాలకులవారు లేచి మేఘి పక్కనున్న బకెట్‌లోకి తొంగి చూశారు.

"బకెట్ ఎండిపోయి ఉన్నదేంది? ఉమ్మలేదా?"

"లేదు సార్."

"అంటే మింగినవా?"

"రోజు క్లాసుల ఉమ్ముత సార్. ఇయ్యాల పెద్ద పరీక్ష అని సాక పోసిన. సాక పోసినంక అది తల్లి ప్రసాదం లెక్క. ప్రసాదం ఉమ్మేస్తె పాపం తాకదా సార్?"

మూడు గుక్కలు. మూడు గుక్కలు కలిపితే మూడు తీర్థం చెంచాలు. మన పరీక్షా నిబంధనల్లో ఉమ్మితీరాలన్న మాట ఎక్కడా లేదు. కానీ సంచాలకులవారు నవ్వారు. "తండా పిల్లకు తాగుడు మనం నేర్పాల్నా? పుట్టుకతోనే వస్తది" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేఘి చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది, దాన్ని కింద పెట్టమని కూడా ఎవరూ చెప్పలేదు. నేను నవ్వలేదని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. నవ్వకపోతే ఏం? నోరు కూడా తెరవలేదు కదా!

నూరు మార్కులు వచ్చిన పిల్లకు పత్రం ఆపాలంటే ఒక ఫిర్యాదు కావాలి. పిచ్చికుక్క అని పేరు పెట్టి చంపినట్టు, మరునాడే ఒక కాగితం తయారైంది. 'విద్యార్థిని మేఘి పరీక్షా సమయంలో మద్యం సేవించినది, శిక్షకులు దేవన్న గౌడ్ గారు అందుకు ప్రోత్సహించినారు' అని దాని సారాంశం. కింద నలుగురు సిబ్బంది సంతకాలు. మొదటి సంతకం కె. అనసూయ, వంటశాల అధ్యాపకురాలు. అంటే నేను. ఈ వ్యాసం రాస్తున్న నేనే!

ఎందుకు పెట్టానో కూడా చెబుతాను, దాచుకోవడానికి ఇంకేం మిగిలింది? సంచాలకులవారు కాగితం నా ముందుకు తోసే ముందు ఒక మాటన్నారు. "అనసూయమ్మా, కామారెడ్డి వంటశాల ఖాళీ ఉన్నది. మీ అమ్మ గాడనే ఉన్నది గద." అంతే. తొమ్మిది రోజులు నా గంటె పట్టిన చేతికి వ్యతిరేకంగా నా చెయ్యి సంతకం పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఆనాడు చేసి చూపించాను. ఛీ, నా బతుకు!

విచారణలో దేవన్న గారు చెప్పింది మూడు ముక్కలు. "నేను కల్లుగీత ఇంట్ల పుట్టినోన్ని సార్. సాక పోసిన కల్లు మా నాయన ఎన్నడు నేలపాలు చెయ్యలే. ఆ పిల్లను ఉమ్ముమని నేనెట్ల చెప్త?" వారి సేవాపుస్తకంలో మందలింపు రాశారు. మోరీ నాటి తాఖీదు పుస్తకానికెక్కలేదు కనుక, నలభై ఏళ్ళ వృత్తి జీవితానికి అది మొదటి మచ్చ. మేఘి ధ్రువపత్రం మీద దేవన్న గారు తమ సంతకం చేసి కామారెడ్డికి పంపారు. అది సంచాలకులవారి బీరువాలోకి వెళ్ళింది, బయటికి రాలేదు.

జూన్‌లో నాకు కామారెడ్డి బదిలీ అయింది. అదే నెలలో ఒక ఆదివారం దేవన్న గారు మా ఇంటికి వచ్చారు, చేతిలో ఈతపండ్ల బుట్టతో. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. తిడతారేమో, తిడితే బాగుండు అనుకున్నాను. వారు "అమ్మ ఎట్లున్నది చెల్లె?" అన్నారు. అమ్మ మంచం పక్కన కూర్చుని, గింజలు తీసి పండు ఒక్కొక్కటే ఆమె నోట్లో పెట్టి, అరగంట ఉండి వెళ్ళిపోయారు. ఫిర్యాదు మాట ఎత్తలేదు. ఆ పెద్దమనిషి ఎవరని అమ్మ అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక లేక అంతా చెప్పాను. సగం పడిపోయిన నోటితో అమ్మ అన్న మాట ఇది. "నా మంచం కాడ కూసోనీకి గా పిల్ల బతుకు తీసినవానే?"

ఆ తర్వాత అమ్మ నాలుగు నెలలు బతికింది. నా చేతి వంట తిన్నది. కానీ ఆ నాలుగు నెలల్లో ఆమె నన్ను ఇంకేమీ అడగలేదు.

నవంబరులో నా ఫిర్యాదును ఉపసంహరించుకుంటూ సంచాలకులవారికి లేఖ ఇచ్చాను. "నలుగురు చేసిన ఫిర్యాదు, ఒక్కరు తీసుకుంటే కాదు" అన్నారు. మిగతా ముగ్గురి ఇళ్ళకూ తిరిగాను, వారూ మనుషులే, వారి చేతా రాయించి జనవరిలో మళ్ళీ ఇచ్చాను. "పరిశీలిస్తాం" అన్నారు. మార్చిలో అడిగితే ఆ లేఖలు కార్యాలయానికి అందనే లేదన్నారు. మూడోసారి ఇచ్చాను. అవీ అందలేదట. వారి కార్యాలయానికి వంద గజాల దూరంలోని నా కామారెడ్డి వంటశాల నుంచి వెళ్ళిన కాగితాలు అందవు గాని, అదే వంటశాల నుంచి వెళ్ళే మటన్ కూర మాత్రం ఏనాడూ దారి తప్పలేదు.

ఈ మధ్యలో, డిసెంబరులో, తండాకు వెళ్ళాను. మేఘి చెరుకు పనికి బయలుదేరుతోంది. లింబ్యా నాకు మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, "ఏం జేస్తమమ్మా, కాయితం లేదు, కత్తి ఉన్నది. ఉన్నదే పట్టాలె గద" అన్నాడు. ఫిర్యాదు మీద మొదటి సంతకం నాదేనని చెప్పాను. అతను ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళాడు. మేఘి తలగుడ్డ బిగించుకుంటూ ఒక్కటే అడిగింది. "మా సార్ రిటైరయ్యే లోపల అయితదా అమ్మా?"

ఆ పిల్లకు నియమం తెలుసు. మీకు తెలియకపోతే చెబుతున్నాను. శిక్షకులు సర్వీసులో ఉండగా సంచాలకుల సంతకం పడని ధ్రువపత్రం చెల్లదు. అభ్యర్థి కొత్త శిక్షకుల వద్ద మళ్ళీ మొదటినుంచి చదవాలి. కొత్త శిక్షకులు రారు. దేవన్న గారితోనే ఆ పోస్టు రద్దవుతున్నదని మొన్ననే ఉత్తర్వు వచ్చింది. అంటే మే ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటలకు ఒక్కరు కాదు, ఇద్దరు విరమిస్తారు. ఒకరికి యాభై ఎనిమిదేళ్ళు, ఇంకొకరికి ఇరవై నాలుగు. హోటల్ వారు ఏడాదిగా ఆ ఉద్యోగాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచారు. ఆపింది జాలితో కాదు, అలాంటి ముక్కు వారికి మళ్ళీ దొరకలేదు. ఎల్లుండి మన రాష్ట్రం మనకు వస్తుందని ఊరూరా సంబరాలు జరుగుతున్నాయి, చాలా సంతోషం. ఎవరి పత్రం వాళ్ళకు రావడానికి ఇంకెన్ని ఉద్యమాలు చేయాలి?

కనుక, సభాముఖంగా, ఈ సంచికలోని ఐదు వందల ప్రతుల్లో అచ్చయిన అక్షరాల్లో, కె. అనసూయ అనే నేను నా ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నాను. నేను సంతకం పెట్టింది అబద్ధానికి. మేఘి తప్పు చేయలేదు, దేవన్న గారు తప్పు చేయలేదు. ఈసారి ఈ లేఖ అందలేదని చెప్పడం కుదరదు. ఇది ఇక్కడున్న ప్రతి ఒక్కరి ఒళ్ళోనూ ఉంది. సంచాలకులవారు ఈ సంచికను అచ్చుకు ముందు చూడలేదు, మొదటి పుటలో తమ ఫోటో పెద్దదిగా వచ్చిందా లేదా అని మాత్రమే అడిగారని యాకూబు చెప్పాడు. వచ్చింది సార్, చాలా పెద్దగా వచ్చింది.

ఈ వ్యాసాన్ని వేదిక మీద చదివే అవకాశం నాకిచ్చారు. ఇక్కడినుంచి చెప్పేవి అచ్చులో లేవు, మీ ముందు నిలబడి కలుపుతున్న మాటలు. కార్యక్రమం ప్రకారం, నేను చదవడం ముగియగానే సంచాలకులవారు దేవన్న గారికి శాలువా కప్పాలి. దేవన్నా, ఈ పద్నాలుగు నెలల్లో నీ ముందు ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, అందుకే అడగలేదు. ముందు పని జరగాలి. మేఘి ఆఖరి వరుసలో, తలుపు దగ్గర, వాళ్ళ నాయన పక్కన కూర్చుని ఉంది. నిన్నటిదాకా ఉపాధి పనిలో మట్టి మోసి, ఇవాళ గురువు గారిని చూడటానికి వచ్చింది. ఆమె వెంట హోటల్ వారి కాగితం కూడా ఉంది.

శ్రీ తాళ్ళపల్లి దేవన్న గౌడ్ గారి నాలుక రుచి తప్పకుండా, ముక్కు మొద్దుబారకుండా, కాళ్ళలో సత్తువ తగ్గకుండా, వారు నూరేళ్ళు నిండుగా బతకాలనీ, ఆ హోటల్లో మేఘి తన చేత్తో పోసి ఇచ్చే గ్లాసును తొలి చుక్కలు దేవతకిచ్చి మింగాలనీ మనసారా కోరుకుంటున్నాను. సంచాలకులవారు కూడా ఆయురారోగ్యాలతో ఉండాలి, ముఖ్యంగా వారి కుడిచెయ్యి. సార్, ఆ తట్టలోని శాలువా మడత విప్పండి. బీరువాలోని మేఘి పత్రం అందులోనే ఉంది, యాకూబు పెట్టాడు, నేనే పెట్టమన్నాను. ఇప్పుడు టైము నాలుగున్నర. పెన్ను ఇదిగో.